లెక్కల సారు లేని పుస్తకం

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ కిక్కిరిసిన ఒక సందులో, మేడ మీద నా ఆఫీసు. ఆఫీసంటే భోజనాల బల్లలో సగం. మిగతా సగంలో కూరగాయలుండేవి. నేను పుస్తకాలు ఎడిట్ చేస్తానంటే మా ఇంటి ఓనరమ్మ, "గంటే డీటీపీయా, టైపు కొట్టుడా?" అనేది. కాదని చెప్పీ చెప్పీ విసిగి, చివరికి అవునన్నాను. ఆవిడ శాంతించింది.

అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి జోరు మీదుంది. బంద్ లేని వారం వస్తే ఏదో వెలితిగా ఉండేది. ఊరందరికీ బంద్ ఇబ్బంది కావచ్చు గానీ నాకు మాత్రం పండగే. బస్సులుండవు, రచయితలు రాలేరు! ఆ ధీమాతోనే ఒక బంద్ రోజు తీరిగ్గా తలంటుకుని కూర్చున్నానో లేదో, నా రచయితల్లో ఒకరైన హెడ్మాస్టరు గారు చంపాపేట నుంచి నడిచొచ్చి మరీ తలుపు కొట్టారు. నల్లగొండ పల్లెల్లో బడులు నడిపి రిటైరైన మనిషి, ఆయనకు నడకొక లెక్కా? మెడలో జై తెలంగాణ కండువా, మొహమేమో గంటు పెట్టుకుని ఉంది.

ఆయన పుస్తకం అప్పటికే నా దగ్గరుంది. రోజూ పొద్దున్నే వాకింగ్ చేసి, టీకొట్టు దగ్గర చెప్పుకున్న కబుర్లు. నిజం చెప్పొద్దూ, ఆ పుస్తకానికి ప్రాణం ఆయన కాదు, ఆయన పక్కింటి లెక్కల సారు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల్లో పాఠాలు చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి. ఈయన ఏమన్నా ఆయన కాదంటాడు. మీర్‌పేటకు దగ్గరి దారేదనే దగ్గర్నుంచి పచ్చిపులుసులో బెల్లం వెయ్యొచ్చా లేదా అనేదాకా ప్రతి పేజీలోనూ ఇద్దరికీ కీచులాటే.

"బిడ్డా, లెక్కల సారును తీసెయ్యి," అన్నారు, కూర్చోకుండానే.

"ఎక్కణ్నుంచి సార్?"

"పుస్తకంల నుంచి. మొత్తం."

ముందురోజు టీకొట్టు దగ్గర రాష్ట్రం సంగతి వచ్చి మాటా మాటా పెరిగిందట. ఈయన ఏదో అన్నారట. లెక్కల సారు టీ సగంలో వదిలేసి వెళ్లిపోయారట. ఏమన్నారు సార్ అనడిగితే, "గది నీకెందుకు? నీ పని నువ్వు చెయ్యి," అని గద్దించారు. గద్దించి, మంచినీళ్లడిగి, తాగడం మరిచిపోయి గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నారు. నాకు జాలేసింది. ఉన్న ఒక్క స్నేహితుణ్ని పోగొట్టుకుని, ఆ కోపం నా బల్ల మీదికి తెచ్చారు పాపం.

మా నాన్నది సూర్యాపేట, అమ్మది తెనాలి. రెండు రకాల పప్పు వండుకుని మరీ కాపురం చేసిన జంట. ఆ ఇంట్లో పెరిగాను గనక ఎవరితోనూ వాదన పెట్టుకోను. నాకో పద్ధతుంది: రచయిత మొండికేస్తే, ఆయన చెప్పింది చెప్పినట్టు చేసి చేతిలో పెడతాను. ఆ తర్వాత ఆయన పాట్లు ఆయన పడతారు.

అలాగే లెక్కల సారును పేజీ పేజీకీ ఏరి పారేశాను. ఇక చూడాలి హెడ్మాస్టరు గారి అవస్థ! ఒక్కరే నడుస్తారు, ఒక్కరే కూర్చుంటారు, ఎవరూ అడగనిదానికి "అట్ల కాదు సారూ" అని జవాబు చెబుతారు. లెక్కల సారు జోకులు మాత్రం పారేయడానికి చేతులు రాలేదు. వాటిని ఈయన నోట్లోనే పెట్టేశాను. కావాలనే పెట్టాను లెండి.

పనయ్యాక కబురు పెడితే ఆయన వచ్చి, కళ్లజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. "ఏంది బిడ్డా గిది? పిచ్చోని లెక్క నాలో నేనే మాట్లాడుకుంటున్న!"

"మీరు చెప్పినట్టే చేశాను సార్."

బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం చూసొచ్చిన చోట ఆగిపోయారు. "పాడుకున్నాయనకి లడ్డూ దక్కింది, చూసొచ్చిన మనకి మోకాళ్ల నొప్పి దక్కింది." ఆ వాక్యం మీద వేలు పెట్టారు.

"గీ మాట నాది కాదు. సారుది. నా నోట్ల ఎట్ల పెడతవ్? నన్ను దొంగను చేస్తవా?" కాగితాలు నా ముందుకు తోశారు. "పెట్టెయ్యి బిడ్డా. సారును మళ్ల పెట్టెయ్యి."

"ఇప్పుడు ఆయన్ని అడగాలి కద సార్. మీతో మాటల్లేని మనిషిని పుస్తకంలో ఎలా వేస్తాం?"

"నువ్వడుగు."

"రాసింది మీరు."

ఆఖరికి ఇద్దరం వెళ్లాం. ఎడిటరంటే ఇలాంటి రాయబారాలు కూడా నడపాలని ముందే తెలిస్తే నిజంగానే డీటీపీ నేర్చుకునేదాన్ని.

లెక్కల సారు తలుపు తీసి నన్ను మాత్రమే చూశారు. "రామ్మా, కూర్చో." హెడ్మాస్టరు గారు చెప్పులతో గుమ్మం బయటే నిలబడిపోయారు. నేనిచ్చిన పాత ప్రతిని లెక్కల సారు తిరగేస్తూ, నవ్వు ఆపుకోలేక మీసం కొరుక్కున్నారు.

"ఏమ్మా, మీ రచయిత గారితో చెప్పు. ప్రతి వాదనలోనూ నేనే ఓడిపోయానేంటి?"

నేను గుమ్మం వైపు తిరిగేలోపే, "గెలిస్తే గద బిడ్డా రాసేటందుకు, చెప్పు ఆయనకు!" అని వినిపించింది.

"పచ్చిపులుసు దగ్గర గెలిచాను!"

"ఏడ గెలిచినవ్ సారూ? బెల్లమేసి ఖరాబ్ జేసినవ్!"

నేరుగా మాట్లాడుకుంటున్నామని గుర్తొచ్చి ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు. హెడ్మాస్టరు గారు కండువా కొస నలుపుతూ, నేల చూపులు చూస్తూ అన్నారు.

"ఒక్కటి గెలిచినవ్ సారూ. గది ఇంకా రాయలే. రాష్ట్రమొస్తే మీరు మీ ఊరికి పోవుడే గద అని నేనంటి. నువ్వు 'ఏ ఊరికి మాస్టారూ?' అనడిగితివి. నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పటికీ లేదు. రాష్ట్రం కావాలె సారూ, గది ఇడువ. కానీ గా మాట తప్పు."

లెక్కల సారు కాగితాలు మూసి, లోపలికి కేకేసి మూడు టీలు పెట్టమన్నారు. తర్వాత గుమ్మం వైపు తిరిగారు.

"చెప్పులు విప్పి లోపలికి రండి మాస్టారూ. మా ఊరొచ్చి గుమ్మంలో నిలబడతారేంటి?"