చివరి పేజీలకు కుట్టు

శీతాకాలం సెలవులకి పుస్తకం ఎంచుకోవాలంటే, ఒక దర్జీ కళ్ళజోడు ముక్కుమీదికి జార్చి ముందు చివరి పేజీ తిప్పుతాడు. అందులో ఎవరైనా పోయారా, పుస్తకం మళ్ళీ అలమరలోకే. "సెలవుల్లో చావులు నాకొద్దమ్మా!" అని పెదవి విరుస్తాడు. గ్రంథాలయం చూసుకునే మరదలికి ఒళ్ళుమండి, ఈసారి ఒక లావుపాటి నవల చివరి పేజీలను సూదీదారంతో కుట్టేసి మరీ చేతిలో పెట్టింది. సెలవులయ్యాక నవల తిరిగొచ్చింది. అట్టనిండా దుప్పటి నూగు, పేజీల మధ్య సుద్ద మరకలు. కుట్టు మాత్రం విప్పలేదు.

"చివర ఏమైందో చూడలేదా బావా? కత్తెర నీ చేతిలోనే ఉంటుందిగా!"

"ఎందుకు చూడాలి? నువ్వు కుట్టినచోటుదాకా నవల్లోని ముసలావిడ మంచంలో ఉన్నా బతికే ఉంది," అన్నాడు దర్జీ, అట్టమీద నూగు దులుపుతూ. "నీ కుట్టు వదులుగా ఉందని, మిషన్ మీద ఇంకో రెండు వరుసలు వేశాను."