ఖాళీగా కూర్చున్న మిషన్

గద్వాల చీరలమ్మే సేటు దగ్గర పనిచేసే ముదస్సిర్, ఆయన వెబ్‌సైటుకు రెండు సర్వర్లు పెట్టాడు. మొదటిది ఆగిపోతే, ఎవరూ ముట్టుకోకుండానే రెండోది పని అందుకుంటుంది. సేటు కళ్లముందే మొదటిదాని వైరు పీకి చూపించాడు. సైటు ఆగలేదు. సేటు మురిసిపోయాడు. కానీ రెండో మిషన్ ఏడాదంతా ఊరికే కూర్చుంటుందని తెలిసినప్పటి నుంచి ఆయనకు కడుపుమంట.

2008 దసరా ముందు ముదస్సిర్ తల్లిని కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అదే సందని సేటు రెండో మిషన్‌ను విప్పించి, బిల్లులు కొట్టుకోవడానికి తన వనపర్తి దుకాణానికి పంపించాడు. ఆ వారమే కరెంటు హెచ్చుతగ్గులకు మొదటిది కాలిపోయింది. చీరలు బాగా అమ్ముడుపోయే పండగ రోజుల్లో సైటు మూతబడింది.

ముదస్సిర్ తిరిగొచ్చేసరికి అతని కుర్చీలో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు.

"రెండోదాన్ని తీసింది మీరే గదా సేటూ."

"పనిలేని మిషన్ నాకెందుకు? సైటు ఆగింది, నీ పనే గదా అది. ఇంక రావద్దు."

"మరి ఈయన ఇంత జల్ది యాడ దొరికిండు?"

సేటు తలెత్తకుండానే చెప్పాడు.

"ఎండకాలమే మాట్లాడి పెట్టుకున్న. నువ్వు లేనినాడు పని ఆగొద్దు గదా."