అంచున రాసిన పేరు

మాచర్లలో మా నాయకుడికి ప్రసంగాలు రాసిపెట్టే మాస్టారు ప్రతి మంచి మాట పక్కనా అది ఎవరన్నదో చిన్న అక్షరాలతో రాసుకునేవారు. వాటిని టైపు చేసే పని నాది. అంచుల్లో ఉన్నది అనవసరమని నేను వదిలేసేవాణ్ణి.

ఒకసారి, "నీళ్ళు రాని కాలవకి గట్టు ఎంత ఎత్తుంటే ఏంది?" అన్న వాక్యం తమ నాయకుడి దగ్గర కొట్టేసినదని అవతలి పార్టీవాళ్ళు గోల చేశారు. రెండు ప్రసంగాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అక్షరం తేడా లేదు. వాళ్ళది పన్నెండు రోజుల ముందుది.

"ఏంది మాస్టారూ, నన్ను దొంగను చేశారే!" అన్నాడు మా నాయకుడు.

మాస్టారు తన చేతిరాత కాగితం తీశారు. ఆ వాక్యం పక్కన, "కారంపూడి బస్సులో, మిరపకోతకు పోయే అత్త" అని ఉంది.

"దొంగతనమే అబ్బాయ్. కాకపోతే వాళ్ళ దగ్గర కాదు, ఈమె దగ్గర. వాళ్ళూ ఈమె దగ్గరే విని ఉంటారు. రేపు సభలో ఇది ఆమె మాటని చెప్పు, చాలు."

"కూలికి పోయే ఆమె మాట చెప్పడానికా నేను మైకు పట్టేది? అది నా సొంత మాటని రాసియ్యండి. లేదంటే రేపట్నుంచి రామాకండి."

మైకు పట్టడం గురించి నాయకుడన్న ఆ మాటను మాస్టారు ఉన్నదున్నట్టు కాగితం మీద రాశారు. పక్కన చిన్న అక్షరాలతో నాయకుడి పేరు రాసి, కలానికి మూత పెట్టి వెళ్ళిపోయారు.