నసీమా వాళ్లింట్లో పాత సినిమాలు

నిన్న సంతోష్‌నగర్‌లో పాత సామాన్ల బండి మీద ఒక వీడియో క్యాసెట్ కనిపించింది. ఆ నల్ల డబ్బా తెరవగానే వచ్చే వాసన మీకు గుర్తుందా? నాకు మాత్రం యాకుత్‌పురాలో, నాతో చదివిన నసీమా వాళ్లిల్లు గుర్తొచ్చింది.

అమ్మ చనిపోయిన ఏడాది అది. నాకు పదకొండేళ్లు. ఇంట్లో అందరూ ఏడ్చారు కానీ నాకు ఏడుపు రాలేదు. బడి అయ్యాక నసీమా నన్ను వాళ్లింటికి తీసుకెళ్లి, వాళ్ల నాన్న దాచుకున్న బ్లాక్ అండ్ వైట్ సినిమాలు పెట్టేది. ఉర్దూ మాటలకు అర్థం నా చెవిలో చెప్పేది.

ఒకరోజు సినిమాలో తల్లి బిడ్డకు జోల పాడుతోంది.

"ఏమంటున్నదే?" అని అడిగాను.

"పండుకో బిడ్డా, నేను ఈడనే ఉన్న అంటున్నది."

అప్పుడు వచ్చింది ఏడుపు. నసీమా తన చున్నీ అంచు నా చేతిలో పెట్టింది.

సినిమా అయిపోయి టీవీ నిండా చుక్కలు పడ్డాయి. నేనింకా ఏడుస్తూనే ఉన్నాను. వంటింట్లోంచి వాళ్లమ్మ, "ఖానా పెట్టిన, రాండ్రి," అని పిలిచింది.

"ఆగు అమ్మీ," అంది నసీమా, "పిక్చర్ ఇంకా అయిపోలే."