గుంట అంచు కింద మాయమయ్యే పిట్టలు

పిట్టలను చూడడానికి నాకు కాలానికో చోటు ఉంది. తొలకరికి నందిగామ దగ్గర మున్నేటి ఇసుకలో తీతువులు. చలికాలంలో వేదాద్రి రేవు మెట్ల మీద కూర్చుంటే, కృష్ణ మధ్య బండల మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు. ఎండాకాలానికి మాత్రం జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్లే దారి పక్కన ఒక గ్రావెల్ గుంట. దాన్ని చాలాకాలం రోడ్డువైపు నుంచే చూశాను.

ఆ చేను ఒకప్పుడు మాది. నాన్న అమ్మేశారు. కొన్నవాళ్లు కొంత మేర గ్రావెల్ తవ్వించి, మిగిలినదాంట్లో మిరప వేస్తున్నారు. అమ్మిన భూమిలో కాలు పెట్టకూడదన్నది మా ఇంటి నియమం. పక్క ఊరికి అడ్డదారి ఆ చేలోంచే ఉన్నా, నాన్న చివరిదాకా చుట్టు తిరిగే వెళ్లారు. మాకు మిగిలిన ఆస్తి అలాంటి నియమాలే గనుక నేనూ సరిహద్దు రాయి దాటలేదు.

మొన్న వేసవిలో, గుంట అంచునే ఉన్న ఆ రాయి దగ్గర నిలబడితే కరెంటు తీగ మీద పసిరిక పిట్టలు కనిపించాయి. ఆకుపచ్చని ఒళ్లు, తోక చివర సూదిలాంటి ఈక. ఒకటి గాలిలోకి లేచి తూనీగను పట్టి, తీగకేసి కొట్టి చంపింది. కానీ మింగలేదు. ముక్కున కరుచుకుని సూటిగా నావైపే వచ్చి, గుంట అంచు కింద మాయమైంది. కాసేపటికి ఖాళీ ముక్కుతో పైకి లేచింది. ఇంకొకటీ అంతే. కింద గూడు ఉండాలి. కానీ కొమ్మా రెమ్మా లేని నిట్టనిలువు మట్టిగోడలో గూడు ఎక్కడ? నా కాళ్ల కిందున్న గోడ నాకు కనిపించదు. అవతలి గట్టు నుంచి చూడాలి. అవతలి గట్టు చేను లోపల ఉంది.

రోజూ వెళ్లి ఆ రాయి దగ్గరే నిలబడేవాణ్ణి. ఒకరోజు గుంట పక్కన జేసీబీ కనిపించింది. ఇప్పుడు ఆ చేను చేయిస్తున్నావిడ అవతలి గట్టు మీద నుంచి కేకేసింది.

“ఏమండీ బాబుగారూ, రోజూ చేలోకి బైనాక్యులర్ పెడతన్నారు, కేసేమన్నా వేస్తారా ఏంటి? మా ఆయనకి అన్నం సహించట్లా!”

“పిట్టల్ని చూస్తున్నానండీ.”

“పిట్టల్ని చూసేవాళ్లు లోపలికొచ్చి చూస్తారుగా! రాయిని కాపలా కాస్తారా ఎవరన్నా?”

“ఆ జేసీబీ ఎందుకు?”

“గేదెలు గుంటలో నీళ్లలోకి దిగద్దా? మీరు నుంచున్న వైపు గోడ కొట్టించి వాలు తీపిస్తన్నాం. డ్రైవర్ అన్నం తినొచ్చి మొదలెడతాడు.”

అడగడం మా ఇంట్లో ఎవరికీ రాదు. మమ్మల్నే అందరూ అడిగేవాళ్లు. ఆ రోజులు పోయాక ఊరుకోవడం నేర్చుకున్నాం. కానీ డ్రైవర్ భోజనం ఎంతసేపు?

“ఒకసారి లోపలికి రావచ్చా అండీ?” అన్నాను. పోట్లాటకు వచ్చినంత గట్టిగా వచ్చింది గొంతు.

“రండి, దానికంత అరుపెందుకు!”

రాయి దాటాను. మిరప మోళ్ల మధ్యగా అవతలి గట్టుకు చేరి వెనక్కి తిరిగితే, నేను ఇన్నాళ్లూ నిలబడిన చోటుకు సరిగ్గా కింద గోడంతా బొక్కలు. ఒక బొక్కలోంచి చిన్న ముక్కు బయటికి వచ్చి, తల్లి తెచ్చిన తూనీగను లాక్కుని లోపలికి పోయింది. బైనాక్యులర్స్ ఆవిడకిచ్చాను. చాలాసేపు తిరిగివ్వలేదు.

“అమ్మో, మా గోడలో ఇన్ని కాపురాలా! ఈ పిల్లలు ఎప్పుడు ఎగురుతాయండీ?”

“వానలు పడేలోపు.”

“సర్లెండి, గేదెల్ని ఇటు దింపిస్తా. అవునూ, మీ తాతగారి కాలంలోనూ ఉండేవా ఇవి?”

అవునని చెప్పబోయాను. మా కాలంలో అన్నీ ఉండేవని చెప్పడం నాకు అలవాటు. కానీ అప్పుడు ఇది చదును నేల. గుంట లేదు, గోడ లేదు.

“లేవండీ. మీరు తవ్వించాకే వచ్చాయి.”

“అయితే మా పిట్టలే,” అంది, బైనాక్యులర్స్ కళ్ల మీద నుంచి దించకుండానే.

కాదనలేదు. పొద్దున వెలుతురు ఏవైపు పడుతుందో చూసుకుని, రేపు కూడా రావచ్చా అని అడిగాను.