పూలాయన దుప్పటి

మా వీధిలో ఏ ఇంటి మంచం మీద చూసినా మా ఎదురింటాయన వేసిన పువ్వే ఉండేది. దుప్పట్ల మిల్లులో ఇరవై రెండేళ్లు డిజైన్లు వేశాడు. అందుకే అందరం పూలాయన అనేవాళ్లం. అయిదు రేకుల పువ్వు, పక్కన రెండు ఆకులు, ఒక తీగ. జానెడు కాగితం మీద ఒక్కసారి వేస్తే చాలు, రోలరు తిరుగుతున్న కొద్దీ అదే పువ్వు గజాల కొద్దీ బట్ట మీద పడుతూ పోతుంది. కాగితం కుడి అంచున తెగిన తీగ ఎడమ అంచున సరిగ్గా అందుకోవాలి, అతుకు కనిపించకూడదు. అందులో ఆయన చెయ్యి తిరిగిన మనిషి.

ఆయన నన్ను అక్కా అంటాడు, వాళ్లావిడ వదినా అంటుంది. కాబట్టి ఆ ఇంటి సంగతులు తెలుసుకునే హక్కు నాకుంది. లేకపోయినా తెలుసుకునేదాన్నే.

ఒకరోజు పొద్దున్నే వీధి చివర గోల. వెళ్లి చూద్దును కదా, పూలాయన మురుగు కాలవ పక్కన బోర్లా పడుకుని, ఫోను గోడకి ఆనించి ఫొటోలు తీస్తున్నాడు. పైన కిటికీలోంచి టైలరమ్మ అరుస్తోంది.

"మా స్నానాల గది కిందే దొరికిందా నీకు చోటు? లే ముందు!"

"మీ గదిని కాదమ్మా, మొక్కని," అన్నాడు ఆయన, లేవకుండానే.

"మొక్కకి ఫొటో ఏంటి? దానికేమైనా సంబంధాలు చూస్తున్నావా?"

ఆవిడకి సర్ది చెప్పి లోపలికి పంపి, ఈయన్ని లేపి నిలదీశాను. పాత పువ్వు చూసి చూసి జనానికి మొహం మొత్తిందట. నెలలోగా కొత్త డిజైన్ తేకపోతే ఆయన బల్ల తీసేసి అక్కడ కంప్యూటరు పెడతారట. కూర్చుంటే ఏమీ తట్టడం లేదట. మిల్లుకొచ్చి ఉపన్యాసం ఇచ్చిన ఒకాయన, రోజూ అరగంట మాట్లాడకుండా ఏ చెట్టునో చేమనో చూడండి, ఫొటోలు తీయండి, ఆలోచనలు వాటంతటవే వస్తాయి అన్నాడట.

"అరగంట మాట్లాడకుండానా?" గతుక్కుమన్నాను.

"నువ్వు మాత్రం రాకు అక్కా. ఉన్న ఆలోచన కూడా పారిపోతుంది."

వెళ్లకుండా ఎలా ఉంటాను? మర్నాడే పీట పట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. నీళ్ల గొట్టం కారే చోట, గోడ పగుల్లో మొలిచిన పిచ్చి మొక్క అది. దానికి పేరేమిటో ఎవరికీ తెలియదు. ఫోనులో నలభై ఫొటోలు చూపించాడు.

"అన్నీ ఒకటేగా తమ్ముడూ?"

"సరిగ్గా చూడు."

చూశాను. ఒక ఆకుకి పురుగు కొరికిన కన్నం. ఒకదాని అంచు గోడకి రాసుకుని ఎర్రబడింది. ఇంకొకటి ఎండ కోసం మెడ తిప్పినట్టు పక్కకి ఒరిగింది. ఒకదానిలా ఒకటి లేదు. నా నోరు దానంతటదే మూతపడింది. అది మా వీధిలో చెప్పుకోదగ్గ విషయమే.

పదో రోజున ఆయన హుషారుగా కాగితం ముందు కూర్చున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక ఆకు వేసి, అలవాటు ప్రకారం దాన్నే పన్నెండుసార్లు వరసగా పేర్చి చూసుకున్నాడు. పరపరా చింపేశాడు.

"పన్నెండు ఆకులకీ ఒకే చోట కన్నం! ఏ పురుగైనా అలా కొలిచి కొరుకుతుందా అక్కా?"

"దుప్పటి మీద పడుకునేవాళ్లు పురుగు సంగతి చూస్తారా?" అంది వాళ్లావిడ.

"వాళ్లు చూడరే. నేను చూశాను కదా."

జానెడు కాగితం పక్కన పడేసి, నేల మీద పెద్ద కాగితాలు అతికించాడు, దుప్పటంత. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే మొక్క. ఎన్ని వందల ఆకులో, ఏ రెండూ ఒకలా లేవు. రెండు వారాలపాటు వాళ్లావిడ గోడ పట్టుకుని పక్కగా నడిచి వంటింట్లోకి వెళ్లింది.

"ఇది మిల్లులో ఎలా అచ్చవుతుందండీ?" అని ఆవిడ అడిగితే, ఆయన నా వైపు చూశాడు.

"ఇంత బాగుంటే ఎవరు కాదంటారు? ఇదే ఇచ్చెయ్ తమ్ముడూ," అన్నాను. మిల్లు గడప తొక్కి ఎరగనిదాన్ని.

గడువు రోజున నేనూ వెంట వెళ్లాను. మేనేజరు కాగితం నేల మీద పరిపించి, చుట్టూ తిరిగి చాలాసేపు చూశాడు.

"బాగుంది. ఇది మళ్లీ ఎక్కడ మొదటికొస్తుంది?"

"రాదు సార్."

"రోలరు గుండ్రంగా ఉంటుందయ్యా. ఇరవై రెండేళ్లు చేసినవాడివి, ఆ సంగతి నీకు నేను చెప్పాలా?"

కాగితం నేనే చుట్టాను. ఆ వారంలోనే బల్ల తీసేశారు.

"మీరే కదా వదినా, ఇమ్మన్నది," అంది వాళ్లావిడ గుమ్మంలో నిలబడి. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాలుగు మాటలు బదులు చెప్పి తేలికపడేదాన్ని.

కాళ్లరిగేలా తిరిగి, దిండు గలీబుల మీద అచ్చువేసే చిన్న కార్ఖానా ఒకటి పట్టాను. వాళ్లకి కొత్తా పాతా పట్టింపు లేదు. అయిదు రేకుల పువ్వు చాలు, వారంలో ఇవ్వాలి. కళ్లు మూసుకుని వేసే పువ్వే కదా అనుకున్నాను. నా ఎదుటే కూర్చున్నాడు. ఒక రేకు వేశాడు. రెండోదాని దగ్గర ఆగాడు. చెరిపాడు, మళ్లీ వేశాడు. కొస వంగింది, అంచు ఒకచోట చిరిగింది.

"చూడకుండా వేసెయ్ తమ్ముడూ. ఎన్ని వేలసార్లు వేసి ఉంటావు!"

"అప్పుడెలా వేశానో తెలియడం లేదక్కా."

మా ఇంటి దుప్పటి తెచ్చి, దీన్ని చూసి వెయ్యమని ముందు పరిచాను. దాని మీద వేలు పెట్టి రాస్తూ కూర్చున్నాడు.

"దీనికి తొడిమ లేదు, చూశావా? ఇన్నేళ్లూ పువ్వుని గాల్లో వేలాడదీశాను."

వారం గడిచేసరికి కాగితం మీద రెండు రేకులున్నాయి. ఆ రెండూ రెండు పువ్వులవి. ఇంకో వారం గడువు అడుగుదామని కార్ఖానాకి నేనే పట్టుకెళ్లాను. కాగితం చుట్ట విప్పకముందే, "ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేశామమ్మా," అన్నారు.

వీధిలోంచి వస్తే పూలాయన గుమ్మం ముందు నుంచే రావాలి. సందు చుట్టు తిరిగి మా పెరటి తలుపు తీసుకుని లోపలికొచ్చాను. ఎదురింట్లోంచి, "వదినా, వచ్చారా?" అని రెండుసార్లు వినిపించింది. నేను లోపల గడియ పెట్టుకున్నాను.