ఎర్రగా మారిన ఖాళీ చోటు

మధ్యలో ఎవరూ నవ్వకండి. మా చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు కూడా నేను ఇంత ఖచ్చితంగా మాట్లాడలేదు. ఇది నాకు జరిగింది. నా కళ్లతో చూశాను.

నేపర్‌విల్‌కి అరగంట దూరంలో ఒక చిన్న మెషీన్ షాప్. అల్యూమినియం దిమ్మెల్ని కోసి విడిభాగాలు చేస్తారు. నా పని కంప్యూటర్ దగ్గర. కట్టర్ ఎటు కదలాలో, ఎంత లోతు కోయాలో చెప్పే కోడ్ తయారు చేస్తాను. మెషీన్‌కి పంపే ముందు దాన్ని తెర మీద నడిపి చూస్తాను. సిమ్యులేషన్ అంటాం. తెర మీద అచ్చం మా మెషీన్ లాంటి బొమ్మ ఉంటుంది. ఏదైనా దేనికైనా గుద్దుకుంటే ఆ చోటు ఎర్రబడుతుంది. అంతే.

ఆ రాత్రి షాపులో ఇద్దరమే. నేనూ, రాజన్నా. అక్కడ మన బాలానగర్ కార్ఖానాల్లో ఇరవయ్యేళ్లు పనిచేసి ఈ దేశం వచ్చిన మనిషి. పొద్దుటికల్లా ఒక పార్ట్ పంపాలి. సగం కోత అయింది. మెషీన్ ఆపి ఉంది. మిగతా సగం కోడ్ నేను చూసి పంపాలి.

"చెల్లె, జర జల్దీ పంపు. గప్పటిదాంక నేను లోపల చెత్త తీస్త" అని రాజన్న గోడ అవతల ఉన్న మెషీన్ దగ్గరికి వెళ్లాడు.

సిమ్యులేషన్ నడిపాను. అవతల మెషీన్‌లోంచి కట్టర్‌ని చల్లబరిచే కూలెంట్ నీళ్లు కారుతున్నాయి. టప్... టప్... తెర మీద, దిమ్మెను పట్టి ఉంచే టేబుల్ ఎడమకు జరిగింది. చివర, మెషీన్ లోపలి గోడ పక్కన... ఎర్రటి మరక.

అక్కడ ఏమీ లేదు. ఉత్త ఖాళీ.

ఏది దేనికి తగిలిందో సాఫ్ట్‌వేర్ కింద రాస్తుంది. మొదటి గడిలో 'టేబుల్' అని ఉంది. రెండో గడిలో... ఏమీ లేదు.

బగ్ అనుకున్నాను. మూసేసి, మళ్లీ తెరిచి నడిపాను. మళ్లీ అదే చోట. ఈసారి ఇంకాస్త పెద్దగా.

మూడోసారి... నెమ్మదిగా నడిపాను. ఒక్కో అడుగూ. జూమ్ చేశాను. అది మరక కాదు. ఒకదాని పక్కన ఒకటి... నాలుగు సన్నటి చారలు. కొంచెం ఎడంగా ఐదోది. పొట్టిగా. లావుగా.

చెయ్యి.

అప్పుడు తెలిసింది... అవతల టప్ టప్ ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు.

పరిగెత్తాను. మెషీన్ తలుపు తెరిచి ఉంది. రాజన్న వంగి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టాడు. టేబుల్ చివర. గోడ పక్కన.

"అన్నా! చెయ్యి తియ్యి!"

ఉలిక్కిపడి లాగేశాడు. "ఏందే, గట్ల ఒర్లుతున్నవ్? అలెన్ కీ పానా పడ్డది, తీస్తున్న—"

క్లిక్ మంది.

టేబుల్ దూసుకొచ్చింది. ధన్... నేల అదిరింది. తలుపు తెరిచి ఉండగా కదలకూడదది. కదిలింది.

రాజన్న మెషీన్ మీది బటన్ల వైపు చూశాడు. తర్వాత ఆయన మెల్లగా అడిగాడు. "స్టార్ట్ బటన్ నువ్వు నొక్కినవా?"

"నేనెక్కడ నొక్కానన్నా? ఇప్పుడేగా పరిగెత్తుకొచ్చాను."

"నేను నొక్కలే..."

పొద్దున టెక్నీషియన్ వచ్చాడు. తలుపు తెరిస్తే మెషీన్‌ని ఆపే స్విచ్ అరిగిపోయిందన్నాడు. సరే, తలుపు సంగతి అది. బటన్ ఎవరు నొక్కారంటే భుజాలు ఎగరేశాడు. నేను అదే ఫైలు పదిసార్లు నడిపాను. ఎక్కడా ఎరుపు లేదు. రాత్రి రిపోర్టులు కూడా శుభ్రంగా ఉన్నాయి, ఏ గుద్దుడూ జరగనట్టు.

తర్వాతి వారం రాజన్న వాళ్లావిడ చేసిన సకినాలు డబ్బాలో పెట్టి తెచ్చాడు. కుడిచెయ్యి నా ముందు చాపి, "నువ్వు ఒర్లకపోతే ఇది ఉండకపోతుండె చెల్లె" అన్నాడు. కళ్లల్లో నీళ్లు.

నేను నవ్వాను. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఆయన లోపల పెట్టింది కుడిచెయ్యి. తెర మీద బొటనవేలు ఏ పక్కన ఉందో నాకు బాగా గుర్తు. అది ఎడమచెయ్యి.

మెషీన్ ఇంతకుముందు ఎక్కడుండేదని, దాంట్లో ఎవరి చెయ్యైనా పోయిందా అని ఓనర్‌ని అడిగాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడట. అంతకు మించి ఏమీ తెలియదన్నాడు.

అరచెయ్యి పైకి తిప్పి ఉంటే కుడిది కూడా అలాగే కనిపిస్తుంది కదా... అని నాకు నేనే చెప్పుకుంటాను. నా చేతులే బల్ల మీద పెట్టి తిప్పి తిప్పి చూసుకుంటాను. రాజన్నదే అయ్యుంటుంది అనుకుంటాను. కొన్ని రోజులు అలా అనుకోగలను.

కొన్ని రోజులు... అనుకోలేను.